గౌనుకో జేబు

ఆడవాళ్ళ గౌనుకి జేబెందుకు? ఈ ప్రశ్న ఆ వీధిలో ఒక్క దర్జీని తప్ప ఎవరినీ పీడించలేదు. ఆయనకు అసలే అనుమానం పాలు ఎక్కువ. కొలిచిన బట్టనే మళ్ళీ కొలిచేవాడు. నడుము కొలత ఇంత అని మనిషి నోరారా చెప్పినా నమ్మేవాడు కాదు, టేపు చుట్టి చూడాల్సిందే. అలాంటివాడి దగ్గరికి ఒకే వారంలో ఆసుపత్రి నర్సమ్మ, పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ, ఆవిడతో పాటు ఆవిడ అత్తగారు కూడా వచ్చి కొత్త గౌన్లకి జేబులు పెట్టమంటే, తిన్నది ఒంటబడుతుందా?

"జేబులో ఏం పెట్టుకుంటారమ్మా?" అని అత్తగారిని అడిగాడు.

"చెయ్యి," అంది ఆవిడ.

ఆ జవాబు దర్జీకి ఏమాత్రం నచ్చలేదు.

కూపీ లాగేంత శ్రమ లేకుండానే సంగతి ఇంట్లోనే తెలిసింది. ఆదివారం మధ్యాహ్నాలు గ్రంథాలయంలో ఆడవాళ్ళు చేరి పంతులమ్మ చేత ఒక కథ చదివించుకుంటున్నారు. వాళ్ళ నానమ్మల కాలంలో ఎవరో ఒకావిడ రాసిందట. అందులో ఒక దేశం ఉందట. అక్కడ ఇంటింటికీ పొయ్యి ఉండదు, వీధికో వంటశాల. తీర్పు చెప్పే కుర్చీలో ఆడది. చదువు పూర్తికానిదే ఏ పిల్లకీ పెళ్ళిమాట ఎత్తకూడదు. ఆస్తిలో కొడుక్కెంతో కూతురికీ అంతే. ప్రతి గౌనుకీ రెండు జేబులు. ఇదంతా చెప్పింది స్వయానా దర్జీ భార్య, కాజాలు కుడుతూ, చల్లగా. ఆవిడ కూడా ఆదివారం ఆదివారం వెళ్తోంది.

ఆ దుకాణంలో కత్తెర ఆయనది, సూది ఆవిడది. కాజాలు, గుండీలు, అంచుల మడతలు అన్నీ ఆవిడ చేతి పనే. బోర్డు మీద పేరు మాత్రం ఆయనదే.

"మరి మగాళ్ళో? వాళ్ళని ఏం చేశారట?"

"ఏం చేస్తారండీ, ఉన్నారట. వంతు వచ్చినప్పుడు వండుతున్నారట."

"ఊరుకున్నారా?"

"రుచిగానే వండుతున్నారట," అంటూ ఆవిడ దారం కొరికింది. "నా గౌనుకీ ఒక జేబు పెట్టండి."

పక్క దుకాణం గడియారాలు బాగుచేసే ఆయనది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. దర్జీ గోడు విని, కంటికున్న భూతద్దం తీయకుండానే అన్నాడు: "జేబు అడిగిందంటే అందులో పెట్టేది ఏదో ఉన్నట్టే కదా బావా?"

"ఏముంటుంది?"

"ఉత్తరం కావచ్చు. రైలు టిక్కెట్టు కావచ్చు. నాకెందుకులే, నేనేమీ అన్లేదు."

అనాల్సిందంతా అనేశాక ఇంకేముంది! అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ రోజు నుంచి భార్య దగ్గితే అది ఎవరికో సైగ. నవ్విందంటే ఏదో దాస్తోంది, నవ్వలేదంటే మరీ పెద్దదే దాస్తోంది. నిజానికి దర్జీ భయం ఒక్కటే, ఆవిడ తనను వదిలి వెళ్ళిపోతుందేమోనని. ఆ మాట పైకి అనలేడు. అంటే ఆ ఆలోచన తనే అందించినట్టవుతుందని ఇంకో భయం.

జేబు కుట్టనంటే నలుగురూ నవ్వుతారు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు. బట్ట కదలకుండా ముందు వదులుగా వేసే కుట్టు ఒకటుంటుంది, కచ్చాకుట్టు. అసలు కుట్టు పడ్డాక దాన్ని లాగి పారేస్తారు. దర్జీ భార్య జేబుకి రెండు పక్కలా మిషను కుట్టు వేసి, అడుగున మాత్రం కచ్చాకుట్టుతో సరిపెట్టాడు. నాలుగుసార్లు చెయ్యి పెట్టి తీస్తే అడుగు విచ్చుకుంటుంది, దాచింది దానంతటదే కిందపడుతుంది. తను అడిగినట్టూ ఉండదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆవిడ కొత్త గౌను తొడుక్కుని, జేబులో చెయ్యి పెట్టుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. ఆ మొహంలో సంతోషం చూసి దర్జీకి తనమీద తనకే రోత పుట్టింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

ఆదివారం ఆవిడ వెళ్ళింది, వచ్చింది. ఏమీ పడలేదు. దర్జీ గుమ్మం నుంచి వీధి మలుపు దాకా నేల వెతుక్కుంటూ నడిచాడు. గడియారాలాయన ఏమిటని అడిగితే గుండీ పోయిందన్నాడు. మరుసటి ఆదివారమూ అంతే. పైగా ఆవిడ ఇప్పుడు నడుస్తున్నంతసేపూ జేబులోంచి చెయ్యి తీయడం లేదు. అంటే పడకుండా పట్టుకుని మరీ నడుస్తోందన్నమాట! అంత అపురూపమైనదా అది? దర్జీకి అన్నం సయించడం మానేసింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. గౌను గదిలో కొక్కేనికి వేలాడుతోంది. దర్జీ పిల్లిలా వెళ్ళి జేబులో చెయ్యి దూర్చాడు. వేళ్ళకు గట్టిగా అడుగు తగిలింది. జేబును బయటికి తిప్పి చూశాడు. కచ్చాకుట్టు లేదు. దాని చోట చేత్తో వేసిన కుట్టు, దగ్గర దగ్గరగా, చీమ దూరే సందు లేకుండా ఉంది. రోజూ కాజాలు కుట్టే ఆ చేతిని ఆయన ఎక్కడైనా గుర్తుపడతాడు. జేబు మాత్రం ఖాళీ.

"దొరికిందా?"

తడిచేతులతో ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. దర్జీ తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు.

"కుట్టు వదులుగా ఉందేమోనని..."

"వదులుగానే ఉండేది. మొదటి ఆదివారమే తెలిసింది. కథ వింటూ చెయ్యి పెట్టుకుంటే వేళ్ళు కిందికి వచ్చేశాయి."

"తొందర్లో మర్చిపోయుంటాను."

"నేనూ అదే అనుకున్నానండీ. పాపం పని ఎక్కువైంది, మర్చిపోయారనుకున్నా. అందరివీ అలాగే ఉంటే అక్కడే బాగుచేసిద్దామని నర్సమ్మది చూశా. పోస్టాఫీసు ఆవిడది చూశా. వాళ్ళ అత్తగారిదీ తిప్పి చూశా. అన్నిటికీ రెండేసి వరసలు గట్టిగా వేశారు." ఆవిడ జేబు అడుగు వైపు చూపించింది. "కచ్చాకుట్టు నాకొక్కదానికే."

"అప్పుడే నన్ను అడగొచ్చుగా?" అన్నాడు దర్జీ నేల చూస్తూ.

"ఏమని అడగను? వాళ్ళు అడిగితే, నా జేబు నేనే కుట్టుకోవాలని సరదా పడ్డానని చెప్పా. సూది అప్పు తీసుకుని కుట్టుకున్నా. మీ పరువు తీయడం ఇష్టంలేక."

సిగ్గుతో చచ్చిపోతూ కూడా ఆయన ఉండబట్టలేకపోయాడు. "ఇంతకీ... ఇందులో ఏం పెట్టుకుంటున్నావ్?"

ఆవిడ గౌను తడవకుండా చేతులు పక్కనున్న తువ్వాలుతో తుడుచుకుంది. ఆయన చేతుల్లోంచి గౌను తీసుకుని జేబును లోపలికి తోసింది.

"ఇప్పటిదాకా ఏమీ లేదు. నాదంటూ ఏముందో, ఏం పెట్టుకోవాలో నాకే తేలలేదు. తేలిన రోజు ముందు మీకే చూపిద్దామనుకున్నా," అంది. "ఇక చూపించను."