పరగడుపు పరీక్ష

ఉప్మాలోకి కరివేపాకు దూస్తుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినపడింది. "ఎనిమిదో నిమిషం. చెవుల దగ్గర మొదలైంది, చూడండి." ఎవరి చెవులో తెలుసుకోడానికి నేను తొంగి చూడక్కర్లేదు. నిరోషవి. మా ఆయన వెంకటకృష్ణ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్. నిరోష ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. రెండేళ్లుగా నెలకో ఆదివారం మా క్వార్టర్స్ హాల్లో ఈ తంతు నడుస్తోంది. క్యాంపస్‌లో ఉండే దంపతులు పరగడుపున వస్తారు. తలా ఒక నయాసిన్ మాత్ర, అంటే బి-త్రీ విటమిన్, మింగుతారు. ఒళ్లు వేడెక్కి ఎర్రబడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటారు. కొత్తవాళ్లు భయపడకుండా ముందు నిరోష మింగి చూపిస్తుంది. త్వరగా ఎర్రబడితే ఒంట్లో మిథైలేషన్ అనే రసాయన వ్యవహారం ఒక తీరుగా ఉందనీ, ఎర్రబడకపోతే ఇంకో తీరుగా ఉందనీ, దాన్నిబట్టి ఎవరికి ఏ విటమిన్ కావాలో చెప్పొచ్చనీ ఆయన నమ్మకం. మనిషి స్వభావం కూడా చెప్పొచ్చట. పరీక్షయ్యాక అందరూ తినే ఉప్మా ఏ సిద్ధాంతం ప్రకారం తయారవుతుందో మాత్రం ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

నిజం చెప్పేస్తాను. ఆ పిల్లంటే నాకు కుళ్లు. ఆమెకు మా ఆయన మీద కన్నుందని కాదు, అంత తీరికా అంత ఖర్మా ఆ పిల్లకు లేవు. ఆమె భుజాన వేలాడే బ్యాగులో ఒక లాబ్ నోట్‌బుక్ ఉంటుంది. దాని అట్ట మీద ఆమె పేరుంటుంది. అదీ నా కడుపుమంట. నేనూ ఆ డిపార్ట్‌మెంట్‌లోనే ఎమ్మెస్సీ చేశాను. పీహెచ్‌డీకి పేరు కూడా నమోదు చేయించుకున్నాను. బాబు పుట్టాక, "వాడు కాస్త పెద్దయ్యాక చేద్దువుగానిలే" అన్నారీయన. "ఇంట్లో ఒక డాక్టరు చాలమ్మా, ఇద్దరూ డాక్టర్లయితే వండేదెవరు" అంది మా అత్తగారు, నవ్వుతూనే. బాబు ఇప్పుడు పదో తరగతి. ఇంకెంత పెద్దవ్వాలో ఎవరూ చెప్పలేదు. నిరోష ఉప్మా రెండోసారి పెట్టించుకుని, "మస్తుగుంది మేడం" అంటే, ఆకలేసే తీరిక కూడా ఈ పిల్లకే రాసిపెట్టి ఉందా అని ఏడ్చుకున్న రోజులున్నాయి.

ఈ పరీక్ష మొట్టమొదట నా మీదే జరిగింది. అరగంటైనా నా ఒళ్లు ఎర్రబడలేదు. "నీలో ఏ రియాక్షనూ లేదే" అన్నారాయన, వచ్చినవాళ్లంతా నవ్వారు. ఎర్రబడని మనుషులకు అనుమానం, అసూయ ఎక్కువని ఆయన ఎక్కడో చదివారు. ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో మందులు కొనుక్కొచ్చారు. ఫోలిక్ ఆసిడ్, బి-ట్వెల్వ్, ఇంకేవో. అప్పట్నుంచి నిరోష మాటొచ్చినప్పుడు నా మొహం కాస్త ముడుచుకుంటే చాలు, "మాత్ర వేసుకున్నావా" అని అడుగుతారు. మధ్యాహ్నాలు కూర్చుని ఆ పట్టికలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించేది నేనే. పేపర్‌లో నా పేరు కూడా పెట్టమని ఒకసారి నోరు తెరిచి అడిగాను. "ఇంటిపనికి పేర్లెందుకు కాత్యాయనీ? మాత్రలు మానేశావా ఏంటి?" అన్నారు. అసూయ తగ్గడానికి రెండేళ్లు మాత్రలు మింగినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. వీసమెత్తు తగ్గలేదు.

పోయిన సోమవారం నిరోష థీసిస్‌లో అచ్చుతప్పులు చూడమని కాగితాలు నా ముందు పడేసి వెళ్లారు. నేనెక్కించిన పట్టికకు ఆయన కొత్తగా ఒక గడి కలిపారు. దాని పేరు స్వభావం. సబ్జెక్ట్ నంబర్ ఒకటి, స్త్రీ, నలభై మూడు, గృహిణి, ఎరుపు లేదు. స్వభావం దగ్గర "అసూయ, అనుమానం" అని ఉంది. కిందకి చూసుకుంటూ పోయాను. పై వాటాలో ఉండే కామాక్షిగారి ఎదుట "చిరాకు". ఎదురింటి శ్రీలలిత ఎదుట "ఊరికే ఏడుస్తుంది". ఇరవై మంది గృహిణుల్లో పదహారు మందికి ఎర్రబడలేదు. వాళ్ల మొగుళ్లు మాత్రం అందరూ చక్కగా ఎర్రబడ్డారు, అందరూ స్థిరచిత్తులే.

కడుపులో తిండి ఉంటే ఆ ఎరుపు సరిగ్గా రాదని గుర్తొచ్చి, కాగితాలు అక్కడే పెట్టి మేడెక్కాను. "ఆ రోజు మీరు పరగడుపునే వచ్చారా కామాక్షిగారూ?" అంటే, "అయ్యో, పరగడుపునేనండీ" అన్నారావిడ. "పొద్దున్నే కాఫీ తాగాను. పిల్లలు వదిలేసిన దోసెలు పారెయ్యబుద్ధికాక నోట్లో వేసుకున్నాను. చట్నీలో ఉప్పు చూశాను. అంతే, ఏమీ తినలేదు." నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. నేనూ అంతే కదా. ఆ రోజు బాబు కంచంలో మిగిలిన రెండిడ్లీలు నిలబడే తినేసి, పరగడుపు అన్నచోట నిజాయితీగా టిక్కు పెట్టాను. మాకు తినడమంటే కంచం ముందు కూర్చోవడం. మిగతాది గిన్నెలు సర్దడం కిందికే వస్తుంది.

మర్నాడు ఆయన వెళ్లేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు. మాత్ర మింగి అద్దం ముందు కూర్చున్నాను. పదకొండో నిమిషంలో చెవులు భగ్గుమన్నాయి. తర్వాత మెడ, గుండెలు, మోచేతులు. మిరపకాయలు దంచిన చేత్తో ఎవరో ఒళ్లంతా రాసినట్టుంది. ఇంత మంటలోనూ నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మెల్లగా మిగతావాళ్లనూ అడిగాను. పదహారు మందిలో పద్నాలుగు మంది తినే వచ్చారు.

గురువారం నిరోష సెమినార్. అది గట్టెక్కితేనే థీసిస్ ఇచ్చుకోగలదు. ముందే ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. మునగనీ అనుకున్నాను. గంజిపెట్టిన చీర కట్టుకుని, ఆ పిల్ల మునగడం కళ్లారా చూడ్డానికే వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను.

వేరే సంస్థ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అదే అడిగింది. "గృహిణులకే ఎందుకు ఎర్రబడలేదు?" ముందు వరసలోంచి మా ఆయన అందుకున్నారు. "అది వాళ్ల తత్వం మేడం. ఇంట్లో ఉండేవాళ్లు కదా, టెన్షన్లు, అసూయలు." కొందరు నవ్వారు. నిరోష నవ్వలేదు. మైకు దగ్గరికి తీసుకుంది.

"నాకు తెల్వదు మేడం," అంది. "నేనైతే లాలాపేట్ల ఏం తినకుండనే బస్సెక్కుత. ఈ మేడంలు నాలుగున్నరకే లేస్తరు. మా దగ్గరకొచ్చే దాంక ఏం చేసిన్రో, ఏం తిన్నరో నేను అడగలే. అడగకుండ రాసుడు నా తప్పే."

అంతమంది ముందు, గైడు ఎదుట, మూడేళ్ల చదువు పణంగా పెట్టి తప్పు ఒప్పుకుంది. ఆ మాట అనాల్సింది నేను. పదిహేనేళ్ల కిందట ఆ బల్ల దగ్గర నిలబడాల్సిందీ నేనే. ఆ పిల్ల మీద అంత కుళ్లు నాకెప్పుడూ పుట్టలేదు. ఆ కుళ్లే నన్ను కుర్చీలోంచి లేపింది.

మా ఆయన వెనక్కి తిరిగి, "ఏంటి, ఇంటి తాళాలు కావాలా?" అన్నారు.

"కాదండీ. మీ డేటా తప్పు," అన్నాను. పద్నాలుగు మంది సంగతీ చెప్పాను. నా పదకొండు నిమిషాలూ చెప్పాను. "ఈ ఎరుపుకీ మనుషుల బుద్ధులకీ సంబంధముందో లేదో తర్వాత చూద్దాం. ముందు పరీక్ష మళ్లీ చెయ్యాలి. నేను చేస్తాను. పేపర్ మీద నా పేరుంటేనే చేస్తాను."

"ఈసారైనా వాళ్లు తినకుండా ఎలా వస్తారమ్మా?" అంది పెద్దావిడ.

"ఆ పొద్దున వాళ్ల మగవాళ్లు వండితే వస్తారు మేడం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం కాత్యాయనీ," అన్నారు మా ఆయన లోగొంతుకతో. నేను నిరోష వైపు చూశాను. అప్పటికే ఆమె నోట్‌బుక్ తెరిచి పెన్ను పట్టుకునుంది.

"ఆ స్వభావం గడి కొట్టెయ్ నిరోషా," అన్నాను. "అక్కడ, పొద్దున వంట ఎవరు చేశారు అని రాయి."