తోడేలు జన్యువుల ఆవిష్కరణ సభ

సోమందేపల్లె గుట్టల్లో తోడేళ్లు చచ్చిపోతున్నాయి. ఊరకుక్కల నుంచి అంటుకున్న రోగం. ఒక కుంటి ఆడతోడేలు మాత్రం రోగం తగిలినా బతికి బట్టకట్టింది. అక్కడి వన్యప్రాణుల పరిశోధన కేంద్రంలో పనిచేసే గౌతమి దాని రక్తం తీసి, జన్యువులన్నీ చదివించి, కంప్యూటర్లో సిద్ధంగా పెట్టుకుంది. ఆ సమాచారం బయట పెడితే, కుంటిది రోగాన్ని ఎలా తట్టుకుందో పెద్ద ల్యాబులవాళ్లు తేలుస్తారు. మిగతావాటిని కాపాడే దారి దొరకొచ్చు. ఇక మిగిలింది ఒక్క మీట నొక్కడమే.

మీట నొక్కడానికి గౌతమి ఎవరు? ఆ పరిశోధన కేంద్రానికి డైరెక్టరు జయచంద్ర ఉన్నాడు. ఆఫీసులో కుర్చీ మార్చినా, అందరూ 'అన్న' అని పిలిచే నాయకుడిని రప్పించి రిబ్బను కత్తిరింపించే మనిషి.

"సభ లేకుండా విడుదలేందమ్మా? అన్న వచ్చి నొక్కుతాడు," అన్నాడు.

అన్న మొదటిసారి రాలేదు, అమావాస్యట. పదిహేను రోజుల తర్వాత రెండోసారి కణేకల్‌లో పెళ్లి. ఫ్లెక్సీ మాత్రం ఠంచనుగా వచ్చింది. అన్న ముఖం ఏనుగంత, పక్కన తోడేలు పిల్లి అంత.

"సార్, అది తోడేలు కాదు, పోలీసు కుక్క."

"చెవులు నిక్కబొడుచుకోని ఉండాయి కదా? చాల్లే. ఎవరు చూడొచ్చినారు?"

గౌతమికి ఒళ్లు మండింది. ఆ పూటే మీట నొక్కేద్దామని కూర్చుంది కూడా. కానీ ఆమె ఉద్యోగం ఏటేటా జయచంద్ర సంతకంతోనే నిలుస్తోంది. వేలు వెనక్కి తీసుకుంది.

కణేకల్ పెళ్లి అయిన మర్నాడు మేకలు కాసే మారెక్క వచ్చింది.

"గౌతమమ్మా, మీ కుంటిది హైవే మీద పడుండాది. ఏదో బండి గుద్దిపోయినాది. నా మేకపిల్లల్ని తినిందని తిడతాంటిని గానీ, చూడలేకపోతి."

గౌతమి గుట్ట కింద దాన్ని పూడ్చి వచ్చింది. సమాచారమైనా మిగిలిందని తనకు తాను చెప్పుకుంది.

చివరికి అన్న వచ్చాడు. శాలువాలు కప్పించుకున్నాడు, తోడేళ్ల కోసం ప్రాణమిస్తానన్నాడు, మీట నొక్కాడు. జనం చప్పట్లు కొట్టి బిర్యానీ వైపు కదిలారు.

వారం తిరక్కుండా ఒక పెద్ద ల్యాబు నుంచి మెయిల్ వచ్చింది. కుంటిదాని జన్యువుల్లో అరుదైన గుణం కనిపించిందట. ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదేనట. నిర్ధారించడానికి బతికున్న కణాలు కావాలి, వెంటనే ఆ తోడేలు తాజా రక్తం పంపమన్నారు.

గౌతమి మెయిల్ జయచంద్ర ముందు పెట్టింది. "మనం మొదటి రోజే నొక్కింటే ఈ మెయిల్ అది బతికున్నప్పుడే వచ్చేది సార్. ఆ అవకాశాన్ని మనమే చంపుకున్నాం. నేను కూడా."

జయచంద్ర అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

"అయ్యో, అంత గొప్పదా అది? అయితే సంతాప సభ పెట్టాల్సిందేనమ్మా. అన్న టైమ్ కనుక్కో. ఫ్లెక్సీ ఎట్లా ఉండనే ఉండాది, కుక్క మెడకు దండొకటి ఏస్తే సరిపోతాది."