రెండు తుపాకులు, ఒక ఉలికిపాటు

ఆ శనివారం మా తుపాకి క్లబ్బులో బార్లీ కోతల గురించి ఎవరూ మాట్లాడలేదు. వాన ఊసు కూడా ఎత్తలేదు. నెవిల్ పెంగిలీ కొత్త తుపాకి కొంటున్నాడని తెలిసి అందరూ షెడ్డు ముందు రెండు పొడుగాటి పెట్టెల చుట్టూ మూగారు. పేల్చి చూసి, నచ్చినది ఎంచుకోమని తుపాకుల దుకాణం రెంజో వాటిని అడిలైడ్ నుంచి మోసుకొచ్చాడు.

నేను గ్లెనిస్‌ని, ఈ క్లబ్బు కెప్టెన్ని. కెప్టెనంటే గొప్ప హోదా ఏమీ కాదు. గాలి జెండాలు కట్టేది, టీ నీళ్లు మరగబెట్టేది, తగువులు తీర్చేది నేనే. నాకు నోరు కాస్త పెద్దదంటారు. ఆ నోరే లేకపోతే ఈ ముసలి పోకిరీలు ఎవరి మాట వింటారు?

నెవిల్‌కి డెబ్బై దాటాయి. మా ఆయన క్లెమ్ పోయిన దగ్గర్నుంచి పడుకుని పేల్చే మట్టిగట్టు మీద నా పక్క చోటు నెవిల్‌దే. అతను పేలిస్తే నేను మార్కులు రాస్తాను, నేను పేలిస్తే అతను రాస్తాడు. మొన్న చలికాలంలో అతని భుజానికి ఆపరేషన్ అయింది. తిరిగొచ్చాక గురి పూర్తిగా చెడింది. తూటాలన్నీ కిందికి, కుడివైపుకి పోతున్నాయి. పాత తుపాకి గొట్టం అరిగిపోయిందన్నాడు. తరవాత దుర్బిణి వదులైందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది కానీ మింగేశాను. ఎందుకంటే అంతకుముందు వారం టీ తాగుతూ అతనొక మాటన్నాడు.

"కొత్త తుపాకితో కూడా ఇంతే అయితే అన్నీ అమ్మేసి, పచ్చిక మీద బంతులు దొర్లిస్తూ బౌల్స్ ఆడుకుంటా, గ్లెన్. ఆ ఆటకి వేసుకునే తెల్ల ప్యాంటు కూడా చూసి పెట్టుకున్నా."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వారమంతా నేను మాట్లాడేది గొర్రెలతోనూ రేడియోతోనూ. శనివారం ఒక్కరోజే మనిషితో మాట్లాడతాను. ఆ మనిషి కాస్తా బౌల్స్‌కి పోతే నేనేం చెయ్యను?

రెంజో మొదటి పెట్టె తెరిచాడు. అందులోది నల్లగా నిగనిగలాడుతోంది. చెంప ఆనించే చోటు పైకీ కిందికీ జరుగుతుంది, భుజానికి ఆనించే మడమ పొడవు మార్చుకోవచ్చు, పది తూటాలు పట్టే మేగజైన్ ఉంది. రెండోది గోధుమరంగు చెక్కతో చేసింది. హంగులు లేవు, మేగజైనూ లేదు. ఒక్కో తూటా చేత్తో పెట్టి బోల్టు మూసుకోవాలి.

"నల్లదే తీసుకోరా నెవిల్" అన్నాడు వార్విక్. అడగకుండానే సలహాలివ్వడం అతని జబ్బు. "దాన్ని చూస్తేనే గురి బొమ్మకి చిల్లు పడిపోతుంది."

"నువ్వు నీది కొన్నప్పుడూ ఇదే అన్నావు. ఇప్పటిదాకా దానికి భయపడింది పక్క పొలం గొర్రెలే" అన్నాను.

"అలా కాదమ్మా. ఫ్యాక్టరీ వాళ్లే చెబుతున్నారు. ఐదు తూటాలూ బొటనవేలి గోరు కింద దాక్కుంటాయట."

"ఎవరి గోరురా? నీదా, ఏనుగుదా?" అన్నాడు నెవిల్. అందరూ నవ్వారు. నవ్వుతున్నా అతని చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు.

నల్లదానితో మొదలుపెట్టాడు. తూటాలు కిందికి, కుడివైపుకి పోయాయి. వార్విక్ గాలిని తిట్టాడు. చెక్కదానితో కాల్చినా అదే తంతు. రెంజో తూటాల పెట్టె తిరగేసి చూసి, బిగింపు మరలన్నీ ఒకసారి తిప్పి చూశాడు. నెవిల్ బొమ్మకేసే చూస్తూ పడుకున్నాడు. అతను మాటకి మాట విసరకపోతే నాకు భయం.

రెండు వేరు వేరు ఫ్యాక్టరీలు కూడబలుక్కుని ఒకే తప్పు చెయ్యవు కదా. అది ఉలికిపాటు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఒళ్లు దెబ్బ కాచుకోవడానికి ముడుచుకుంటుంది, కళ్లు మూసుకుంటాయి, గొట్టం ముక్కు వంగుతుంది. పేలిన మోతలో అది ఎవరికీ కనబడదు, పేల్చినవాడికి అసలే తెలియదు. మా క్లబ్బులో మనిషిని తాగుబోతన్నా ఊరుకుంటాడు గానీ, ఉలిక్కిపడుతున్నావంటే ఏడాదిపాటు పలకడు.

అందుకే ముందురోజే ఇంట్లో ఒక ఉత్తి తూటా చేసి పెట్టుకున్నాను. దాంట్లో మందు లేదు. చూడ్డానికి మాత్రం అసలుదానిలాగే ఉంటుంది.

"నీ భుజానికి శ్రమెందుకు, నువ్వు గురి మీంచి కన్ను తియ్యకు. తూటాలు నేను పెడతాను" అని చెక్క తుపాకి పక్కన చేరాను. ముందు అసలువి పెట్టాను. తరవాత ఉత్తిది పెట్టాను.

టిక్కుమంది. మోత లేదు. గొట్టం ముక్కు మాత్రం నేలకేసి గట్టిగా ఒక పోటు పొడిచింది. వెనకున్న వాళ్లందరూ చూశారు. వార్విక్ నోరు కూడా మూతపడింది.

నెవిల్ బోల్టు తెరిచి, తుపాకి జాగ్రత్తగా కింద పెట్టి, లేచి షెడ్డులోకి వెళ్లిపోయాడు. నేనూ వెనకే పోయాను.

"అందరి ముందూ చెయ్యాలా?" అన్నాడు.

"విడిగా చెబితే వినేవాడివా?"

"వినేవాణ్ణి కాదు. అయినా అందరి ముందూ చెయ్యాలా?"

మాంసం కూరిన పాస్టీ ఒకటి తీసి, సాస్ పోసి, అతని ముందుకి తోశాను. "నొప్పుందా?" అన్నాను.

"లేదు. డాక్టరు బాగానే కుట్టాడు. నొప్పి వస్తుందేమోనని నాకంటే ముందు నా భుజం దాక్కుంటోంది. ఈ వయసులో తుపాకంటే భయమేస్తోందని నీకెలా చెప్పను? ఇంక పేల్చనివ్వకుండా తీసుకెళ్లి మార్కుల బల్ల దగ్గర కూచోబెట్టేదానివి."

"కూచోబెట్టేదాన్ని కాదు."

"కూచోబెట్టేదానివే, గ్లెన్."

నిజమే, కూచోబెట్టేదాన్నే.

"సరే, నేనట్లాంటిదాన్నే" అన్నాను. "కానీ నువ్వు బౌల్స్‌కి పోవద్దు. పోతే నాకు శనివారం లేదు. క్లెమ్ చచ్చిపోయాడు గనక ఏడ్చి ఊరుకున్నాను. నువ్వు బతికుండగానే పోతానంటే నేను ఊరుకోను."

నెవిల్ పాస్టీ మొత్తం తిన్నాడు, తొందరేమీ లేదన్నట్టు.

"సాస్ ఎక్కువ పోశావు" అని లేచి, మళ్లీ గట్టు వైపు నడిచాడు. చెక్క తుపాకి వెనక పడుకుని, నావైపు తిరక్కుండానే, "ఏది పెడుతున్నావో చెప్పకు" అన్నాడు.

ఉత్తిది పెట్టాను. టిక్కుమంది, ముక్కు వంగింది.

"వంగింది" అన్నాడు వార్విక్.

"నోరు ముయ్యరా" అన్నారు అందరూ.

ఉత్తిదాన్నే తీసి మళ్లీ పెట్టాను. ఈసారి తక్కువ వంగింది. ఇంకోసారి పెట్టాను, ఇంకోసారి. చివరికి టిక్కుమన్నా గొట్టం రాయిలా నిలబడింది. అప్పుడు అసలుది పెట్టాను. తుపాకి ధన్‌మంది. దూరంగా మార్కు చూసేవాళ్లు బొమ్మని గోతిలోకి దించారు. అది పైకి వచ్చేదాకా నేను మార్కులు చూసే దుర్బిణిలోంచి కన్ను తియ్యలేదు. తూటా తగిలిన చోట పెట్టే గురుతు బిళ్ల నల్లటి నడిబొడ్డున కూచుని ఉంది.

"ఉత్తిదనుకున్నా" అన్నాడు నెవిల్, తనలో తను మాట్లాడుకున్నట్టు.

ఆ తరవాత కూడా అలాగే కలిపి పెడుతూ పోయాను. అన్నీ నడిబొడ్డుకి పోలేదు గానీ, కిందికి ఒక్కటీ పోలేదు. ఎండ వాలేసరికి రెంజో పెట్టెలు సర్దుతూ వచ్చాడు.

"నల్లది ఖాయం చేసుకోనా, పెద్దాయనా? అది భుజానికి మెత్తగా ఉంటుంది, మేగజైనూ ఉంది."

"చెక్కది" అన్నాడు నెవిల్.

"బాగా ఆలోచించుకోండి. దాంట్లో ప్రతి తూటా ఎవరో ఒకరు చేత్తో పెట్టాలి."

"అందుకే అదే కావాలి."

రెంజోకి అర్థం కాలేదు. నాకు అయింది. ఎక్కడ చూడాలో తెలియక గాలి జెండాల వైపు చూశాను.

"పోటీల్లో నేను పెట్టకూడదు నెవిల్, రూలు ఒప్పుకోదు" అన్నాను.

"పోటీ సంగతి తరవాత చూసుకుందాం. మామూలు శనివారాలు పెట్టు. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు."

చెప్పాల్సిన మాటలు చాలానే గొంతులోకి వచ్చాయి. వార్విక్ పక్కనే నిలబడి వింటున్నాడు.

"ఆలస్యంగా వస్తే మాత్రం ఊరుకోను" అన్నాను.