తాళం వేసిన కుందేళ్ల కొట్టం

రాజేంద్ర, పక్కింటి గంగప్ప చేతులు వెనక్కి విరిచి, పలుపుతాడుతో కొట్టం గుంజకు కట్టేసేసరికి ఊరు సగం అక్కడికి చేరింది. గంగప్ప, చిట్లిన పెదవి నుంచి రక్తం గడ్డం మీదికి కారుతుంటే భుజానికేసి రుద్దుకున్నాడు.

"చెప్పు. యాడ నుంచి దూరినావు?" రాజేంద్ర చెర్నాకోల ఝళిపించాడు. ఎద్దుల్ని అమ్మేసి ఏడాది దాటినా అది మాత్రం ఈ పొద్దుటి దాకా ఇంటి గోడకు వేలాడుతూనే ఉండింది.

"దూరేదానికి నేనేమన్నా ఎలుకనా అప్పా? కొట్టం మీది, తాళం మీది. నేను ఇంట్లో పండుకోనుంటి."

"మరి తాళమేసిన కొట్టంలో కుందేలు పిల్లలు వాటంతట అవే సచ్చినాయా?"

గంగప్ప తల తిప్పి కొట్టం తలుపు వైపు చూశాడు.

కొట్టం లోపల రాజేంద్ర భార్య సునంద చేటలోకి చూడలేక చూస్తోంది. రాత్రి ఈనిన ఎర్రచెవి కుందేలు పిల్లలవి. వెంట్రుకైనా మొలవని గులాబీ రంగు ముక్కలు. కొన్నిటికి తల లేదు, కొన్నిటికి కాళ్లు లేవు.

వేరుశనగ వరసగా ఎండిపోయాక రాజేంద్ర కట్టిన ఆఖరి ఆశ ఈ సీమ కుందేళ్లు. తీగల బోన్లు అల్లించాడు, ఈనేవాటికి చెక్కపెట్టెలు చేయించాడు. కుందేళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఈనాయి. ఈనిన ప్రతిసారీ తెల్లారేసరికి పెట్టె నిండా రక్తమే. ఇక ఈనాల్సింది బూడిద అని పిలిచే కుందేలు ఒక్కటే. అది కూడా ఇట్లాగే అయితే బెంగుళూరు బస్సెక్కి సిమెంటు పనికి పోవడమే. సునంద మూట కట్టేసింది కూడా. సంగటి కెలికే తెడ్డు సైతం అందులో పెట్టేసింది.

గంగప్ప మీదే అనుమానం ఎందుకంటే, మొన్న నీళ్ల ట్యాంకరు దగ్గర అతనే గొడవ పెట్టుకున్నాడు. 'మనుషులకే గుక్కెడు దిక్కులేదు, నీ చెవులపిల్లులకు బిందెలా' అని నలుగురి ముందరా అడిగాడు. పైగా వాళ్ల గోడా ఈ కొట్టం గోడా ఒకటే.

"వాని చేతులిరగ, నా కూతుళ్ల మాదిరి చూసుకుంటి," గుమ్మంలో కూచుని ఏడుస్తోంది రాజేంద్ర తల్లి బయమ్మ. రాత్రుళ్లు కొట్టం వాకిట్లో పడుకునేది ఆమే. తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంటుంది. "గాలి తగలకుండా గోనెపట్టా కడితి. సాంబ్రాణి పొగేస్తి. పచ్చి బాలింతలమ్మా, నోరు లేని బాలింతలు."

సునంద చేట కింద పెట్టి, బకెట్లో చేతులు కడుక్కుంది. తడి చేత్తోనే ఎర్రచెవి బోను తలుపు తీసింది. ఆ కుందేలు ఒక్క దూకు దూకి ఆమె వేళ్లను నాకడం మొదలుపెట్టింది. ఆగకుండా నాకింది. తడి అయిపోయాక వేళ్లను కొరకబోయింది. దాని మూతి చుట్టూ ఎండిన రక్తం.

సునంద బోనులోకి వంగి చూసింది. నీళ్ల మూకుడు ఏదీ?

నిన్న సాయంత్రం తనే మూకుడు నిండా నీళ్లు పోసి బోనులో పెట్టింది. నీళ్లు మాత్రం తప్పనీయొద్దని కుందేళ్లు అమ్మిన మనిషి మరీ మరీ చెప్పాడు. ఇప్పుడా మూకుడు గోడ గూట్లో బోర్లించి ఉంది. బోను కింద నేల పొడిగా ఉంది, ఒలికిన జాడ లేదు. బయట నుంచి దూరినవాడు చంపాలని వస్తాడు గానీ, మూకుడు కడిగి బోర్లించి పోడు.

కడిగి బోర్లించే అలవాటు ఎవరిదో సునందకు తెలుసు. తన పురుడు గుర్తొచ్చింది. తలుపులు మూసిన ఆ గదిలో నాలుక అంగిటికి అతుక్కుపోయి, దండెం మీది తడిగుడ్డ కొస నోట్లో పెట్టుకుని పీల్చిన పూట.

బయట చెర్నాకోల చెళ్లుమంది. గంగప్ప మూలిగాడు.

పక్క బోనులో బూడిద తన పొట్ట మీది బొచ్చు పీక్కుని పెట్టెలో పరుస్తోంది. ఈనబోతోంది. బయమ్మ ముక్కు చీదుకుని లేచి వచ్చింది.

"జరుగుమ్మే, దీనికి నొప్పులొస్తాండాయి. నేను చూసుకుంటా."

ఆమె చెయ్యి నేరుగా బూడిద ముందున్న నీళ్ల మూకుడు మీదికి పోయింది. సునంద ఆ మణికట్టు పట్టుకుంది.

"అది ఎందుకు తీస్తావత్తా?"

"బాలింతకు నీళ్లేందే? ఒళ్లు నీరు పట్టదా? నీ పురుడప్పుడు నిన్ను అట్లనే లేపలేదా నేను?"

"అన్నిటికీ తీసినావా?"

"ఈనినంక తీస్తి. పిల్లలు పోయినంక ఇంక పత్యమేముంది, తెల్లారుజామున మళ్లా పెడితి. ఈ పొద్దు వీడు గంగప్పను ఈడ్చుకొచ్చిన గలాటాలో..." బయమ్మ కోడలి కళ్లలోకి చూసింది. "ఏందే అట్ల చూస్తావు?"

"అవి దాహానికి తిన్నాయత్తా. ఎండలకు గొంతెండి, తాగేదానికి ఏమీ లేక, కన్న పిల్లల్నే తిన్నాయి."

బయమ్మ ఎర్రచెవి మూతి వైపు చూసి, చప్పున తల తిప్పుకుంది.

"నేను మంచికే కదమ్మే చేసింది."

"తాళంచెవి ఇయ్యి."

బయమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది గానీ చేతిలో పెట్టలేదు. కోడలి కొంగు పట్టుకుంది. "నలుగురి ముందర నా పేరెత్తొద్దు. నీ కాళ్లు మొక్కుతా. గంగప్ప ఎట్లాగూ తన్నులు తినేసినాడు. పిల్లి తినిందనుకుంటారు."

మళ్లీ దెబ్బ పడింది.

సునంద తాళంచెవి గుంజుకుంది. మూకుడు అంచుదాకా నింపి బూడిద ముందు పెట్టింది. అది బొచ్చు పీకడం ఆపి, తల వంచి తాగింది. తాగి, మళ్లీ తాగింది. సునంద బయటికి వచ్చి కొట్టం తలుపు మూసి, మొగుడికీ గంగప్పకీ మధ్య నిలబడింది.

"గంగప్ప మామను విప్పు."

"లెయ్‌మే పక్కకు. వీడు కాకపోతే ఇంకెవురు చేసినారు? పేరు చెప్పు, విప్పుతా."

ఊరంతా ఆమె నోటి వైపే చూస్తోంది. వెనక తలుపుకు లోపలి వైపు బయమ్మ గాజులు తగిలిన చప్పుడు.

"మీ యమ్మ," అంది సునంద. "బయమ్మ."