కోర్టు రాసిన మంచం

నేను ఒక టేకు బల్లను. పాలకొల్లు వడ్రంగి ఒకాయన నన్ను పెళ్లిపందిళ్ల కోసం చేశాడు. మగపెళ్లివారు ఎంత అలిగి కూలబడినా విరగకూడదని కాళ్లు లావుగా పెట్టాడు. తర్వాత కొంతకాలం మంగలికొట్టులో వంతు కోసం కాచుకున్నవాళ్లను మోశాను. చివరికి పేరిందేవి పెసరట్ల కొట్టుకు చేరాను. మనుషులు ఎక్కడైనా ఒకటే. కూర్చునేటప్పుడు నన్ను చూడరు, లేచేటప్పుడు మాత్రం నాకే చేతులు తుడుస్తారు.

పేరిందేవి పప్పూ నూనే కామేశం దుకాణంలో అరువు తెచ్చేది. ఒక ఏడాది వానలకు బేరాలు పడిపోయి బాకీ పేరుకుంది. కామేశం దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాడు. డిక్రీ అంటే గెలిచావని చెప్పే కాగితమే, డబ్బు దానంతట అది నడిచి రాదు. ఆమెకు సొంత ఇల్లుంటే దాన్ని జప్తు చేయించేవాడు, బాకీ తీరేదాకా ఆమె దాన్ని అమ్ముకోలేకపోయేది. ఇల్లు లేదు కనుక కొట్లో సామాను జప్తు చేయమని మళ్లీ అర్జీ పెట్టాడు. జప్తులు చేసే కోర్టు ఉద్యోగి, అమీనా భద్రయ్య వచ్చాడు. వెనకే కామేశం, ఆ వెనక సగం వీధి.

భద్రయ్య పెనం వైపు చూసి, “వంటసామాను ముట్టుకోకూడదు. ఇక ఈ బల్లే,” అన్నాడు.

నేను పోతే కూర్చునేవాళ్లు పోతారు, కొట్టు మూతపడుతుంది. పేరిందేవి అట్లకాడ పక్కన పెట్టి వచ్చి నామీద వెల్లకిలా పడుకుంది.

“ఇది నా మంచమండి.”

“పడుకునే మంచమైతే జప్తు కుదరదు మరి,” అన్నాడు భద్రయ్య తల గోక్కుంటూ.

“మంచమేంటండీ బాబూ,” అన్నాడు కామేశం. “రోజూ పొద్దున్నే నేను కూర్చునేది దీనిమీదే కదండీ.”

గుంపులోంచి అతని భార్య రత్నమాంబ ముందుకొచ్చింది.

“పొద్దున్నే మీరు కాలవగట్టున నడుస్తారు కదండీ. డాక్టరు నూనె మానమన్నాడని ఇంట్లో జావ తాగుతున్నారు కదా.”

కామేశం ఆకాశం వైపు చూశాడు.

“ఉప్మా పెసరట్టండి,” అంది పేరిందేవి పడుకునే. “అల్లం ఎక్కువేయించుకుంటారు, ఆయ్.”

భద్రయ్య కలం తీశాడు. “బల్లే అంటే మీరు రోజూ కూర్చుని తింటున్నారని సాక్ష్యం రాసుకోవాలి కామేశంగారూ. ఏం రాయమంటారు?”

“మంచమనే రాయండి. నేను దాని దరిదాపులకు కూడా వెళ్లలేదు.”

“బాకీ మాత్రం వదలం పేరిందేవీ,” అంది రత్నమాంబ.

“వదలొద్దండి వదినగారూ. వారవారం కట్టేస్తాను.”

“కట్టిందల్లా కోర్టులో నమోదు చేయించుకోండి,” అన్నాడు భద్రయ్య. “లేకపోతే కట్టనట్టే లెక్క. నేను మళ్లీ రావాలి, నాకు మోకాళ్ల నొప్పులు.”

బాకీ తీరింది, నమోదూ అయింది. కానీ కోర్టువారి కాగితంలో నేను మంచాన్నే. కోర్టు రాసిన మాట అబద్ధం కాకూడదని పేరిందేవికి ఒకటే బెంగ. పగటిపూట నడుం వాల్చడం ఎరగని మనిషి, ఇప్పుడు మధ్యాహ్నం కాగానే నామీద పడుకుని గురకపెడుతుంది. అప్పుడు వచ్చినవాళ్లు పొద్దుటి చల్లారిన అట్లే తీసుకుని నిలబడి తింటారు, గుసగుసగా మాట్లాడుకుంటారు. ఎంత తొందరున్నా ఆమె లేచేదాకా వెళ్లలేరు. చిల్లర డబ్బా ఆమె తలకింద ఉంటుంది.