కంబళి కింద పాదాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పావగడలో మా నర్సింగ్ హోమ్‌కు వచ్చిన వాళ్లందరికీ తెలుసు. పన్నెండేళ్లుగా ఆపరేషన్ అయినవాళ్లను చూసుకుంటున్న నర్సును. రోగి మంచం మీద కూర్చుని బోండాలు తినే చుట్టాలను నోరు చేసుకుని బయటికి పంపడం నాకు కొత్త కాదు. ఆ నోరే ఒకరోజు యోగీశ్ ప్రాణం మీదికి తెచ్చింది.

యోగీశ్‌కు ఇరవై నాలుగేళ్లు. వాళ్లది నాగలమడిక పక్కన పల్లె. పొలం సోలార్ పార్కుకు లీజుకు పోయాక మేపు లేక గొర్రెల మందను అమ్మేశారు, పిల్లవాడు అదే పార్కులో ప్యానెళ్లు కడిగే పనికి కుదిరాడు. ఆ రోజు తెల్లవారగానే డ్యూటీకి పోతూ ఇసుకలో బైకు జారింది. హ్యాండిల్ కడుపులో పొడుచుకుంది. పైకి చిన్న గీత కూడా లేదు, లోపల మాత్రం ప్లీహం పగిలి కడుపు నిండా రక్తం. గిరీశ్ డాక్టరు తొమ్మిదిన్నరకు కడుపు కోసి, పగిలిన ప్లీహాన్ని తీసేసి, పదకొండింటికి కుట్లు వేశారు.

ఆయనకు మధ్యాహ్నం మడకశిరలో ఇంకో ఆపరేషన్ ఉంది. పోతూ పోతూ నన్ను పిలిచారు.

"సుధామణీ, మిషన్ చెప్పే బీపీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పడుచు ఒళ్లు. లోపల రక్తం కారుతున్నా బీపీని చివరిదాకా పడనియ్యదు, పడిందంటే ఒక్కసారే. గంట గంటకూ పాదాలు పట్టి చూడు, మూత్రం కొలువు."

నాకు తెలియనిది కాదు. బిందెడు నీళ్లే ఉన్నప్పుడు తాగడానికి దాచుకుని గిన్నెలు కడగడం మానేస్తాం కదా, ఒళ్లూ అంతే. ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ పెట్టుకుని, కాళ్లకు ఆపేస్తుంది. అందుకే పాదాలు ముందు చల్లబడతాయి.

పన్నెండింటికి పట్టి చూశాను. పాదాలు చల్లగా ఉన్నాయి. థియేటర్ చలి ఇంకా వదలలేదేమో అనుకున్నాను. మంచం పక్కన నిలబడిన తల్లి కరియమ్మ పదోసారి అడిగింది, "ఎట్లుండాడమ్మా?" అని. వాళ్లాయన మల్లేశప్ప ఇంకో రెండు సంచుల రక్తం కోసం హిందూపురం పోయాడు, ఆమె ఒక్కతే ఉంది. నాకు విసుగొచ్చింది.

"కాళ్లు చల్లగుండాయి. ఇంకో గంటకూ ఇట్లే ఉంటే తుమకూరు పెద్దాసుపత్రికే పంపేది. ఊరికూరికే అడగొద్దు."

ఆమె మొహం మాడిపోయింది. కాసేపాగి ఇంటినుంచి తెచ్చిన నల్ల కంబళి చూపించి, కప్పేదా అని సైగ చేసింది. కప్పమన్నాను. రోగికి చలి తగలకూడదని డాక్టరు కూడా చెప్పారు మరి.

ఒంటిగంటకు కంబళి కింద చెయ్యి పెట్టాను. పాదాలు వెచ్చగా ఉన్నాయి! నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "కాగినాయి చూడక్కా, నీ కొడుకు గట్టోడు" అన్నాను. ఆమె చిన్నగా నవ్వింది. షీటులో "పాదాలు వెచ్చన" అని రాశాను. రెండు గంటలకూ అదే మాట రాశాను.

నాడి మాత్రం నూట పది నుంచి నూట ఇరవై నాలుగుకు పెరిగింది. మూత్రం తగ్గింది. డాక్టరు ఫోన్ చేశారు.

"కాళ్లెట్లుండాయి?"

"బాగా వెచ్చగుండాయి సార్."

"అయితే నొప్పికి నాడి కొట్టుకుంటాదిలే. సెలైన్ కొంచెం పెంచు."

మూడింటికి మూత్రం ఎనిమిది మిల్లీలీటర్లు. నాడి నూట ముప్పై ఎనిమిది. బీపీ అప్పటికీ నూట నాలుగు. కడుపులోంచి వచ్చే గొట్టం సంచిలో రక్తం పెద్దగా లేదు. యోగీశ్ తల అటూ ఇటూ తిప్పుతూ "దప్పిక, దప్పిక" అంటున్నాడు. పాదాలు పట్టుకుంటే నిప్పుల్లా ఉన్నాయి. మనసు ఒప్పుకోలేదు. అన్నీ చెడుతుంటే పాదాలొక్కటే ఎందుకు బాగుండాలి?

కంబళి తొడలదాకా ఎత్తేశాను. మోకాళ్లు మంచులా ఉన్నాయి. చర్మం మీద నీలంగా వల పరిచినట్టు మచ్చలు. చలి ఎప్పుడూ కాలివేళ్ల నుంచి పైకి ఎక్కుతుంది. మోకాలు చల్లగా, పాదం వేడిగా ఉన్న మనిషిని నేను పుట్టి ఇంతవరకు చూడలేదు. చేతి వేలి గోరు ఒత్తి వదిలాను. రెండు లెక్కపెట్టేలోపు ఎర్రబడాలి. ఆరుదాకా లెక్కపెట్టినా తెల్లగానే ఉంది.

కంబళి లాగి పారేశాను. మడమల కింద పాత చీరగుడ్డలో కట్టిన ఉప్పు మూటలు రెండు, ఇంకా పొగలు పోతున్నాయి.

"ఏంది ఇది? ఏంది ఇది అంటున్నా!"

కరియమ్మ గోడకు అతుక్కుపోయింది. "కాళ్లు కాగితే తుమకూరుకు పంపనంటివి కదమ్మా. మా మరిదిని అంబులెన్సులో ఏసుకోని పోతే తోవలోనే పాయె. వానకు తడిసిన గొర్రెపిల్లకు ఉప్పు మూట పెట్టే బతికించుకుంటిమి మేము. ఎనక వంటశెడ్డులో కాంచి, నువ్వొచ్చే ముందర పెడతా ఉంటిని."

చెంప పగలగొట్టాలనిపించింది. ఎవరిది? ఆమెదా, నాదా? ఆమెను బెదిరించింది నేను. కంబళి ఎత్తి చూడనిది నేను.

అరిచే టైము కూడా లేదు. ఫోన్ తీశాను. డాక్టరు అవతల మడకశిరలో ఆపరేషన్‌కు చేతులు కడుక్కోబోతున్నారు.

"సార్, కాళ్లు వెచ్చగుండాయని ఇందాక నేను చెప్పింది తప్పు. మూటలు పెట్టి కాంచినారు. మోకాళ్ల మీద మచ్చలు తేలినాయి."

"సరిగ్గా ఎప్పటినుంచి చల్లగుండాయి?"

నేను కరియమ్మ వైపు చూశాను. ఆమె దగ్గరికొచ్చి, ఫోన్‌లోకి వినబడేలా గట్టిగా చెప్పింది.

"పన్నెండు నుంచి సల్లగానే ఉండాయి సామీ. ఒక్కతూరి గూడ వాటికవి కాగలేదు. అంతా నేను చేసిందే."

"రక్తం ఎక్కించు. మత్తు డాక్టరు ఉషాను పిలిచి థియేటర్ తెరిపించు. నేను బయల్దేరినా."

ఫ్రిజ్‌లో మిగిలిన ఒకే ఒక్క రక్తం సంచి పెట్టాను. చుక్క చుక్క కారితే చాలదు. సంచిని రెండు చేతులా పట్టి పిసుకుతూ నిలబడ్డాను. మూడూ నలభైకి బీపీ డెబ్బైకి పడింది, డాక్టరు చెప్పినట్టే ఒక్కసారే. యోగీశ్ మాట ఆగిపోయింది. "పోనియ్యను, నిన్ను పోనియ్యను" అని పైకే అంటున్నానట. తర్వాత ఉషా మేడమ్ చెప్పారు. సంచి అయిపోయే టైముకు మల్లేశప్ప హిందూపురం నుంచి ఐస్ డబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. వెనకే డాక్టరు కారు.

రెండోసారి కడుపు తెరవడానికి సంతకం కావాలి. మల్లేశప్ప రక్తం సంచులు అందిస్తున్నాడు. ఇంకు ప్యాడ్ కరియమ్మ ముందు పెట్టాను. ఆమె చెయ్యి చాపితే చూశాను. బొటనవేలు, అరచెయ్యి అంతా బొబ్బలు. పెనం మీది ఉప్పును అట్లే గుడ్డకు ఎత్తి కట్టింది మూడుసార్లు. ఎడమ చెయ్యి పెట్టక్కా అన్నాను.

"ఈ చేత్తోనే గదమ్మా చేసింది" అని అదే వేలు ఇంకులో పెట్టి గట్టిగా ఒత్తింది.

లోపల చిన్న రక్తనాళానికి కట్టిన ముడి జారిందట. గొట్టంలో రక్తపు గడ్డ అడ్డుపడి ఆ సంగతి బయటికి రాలేదు. ఆరింటికి కుట్లు వేసి బయటికొచ్చిన డాక్టరు షీటు తిరగేశారు.

"రెండుసార్లు వెచ్చన అని రాసినావు."

"కంబళి ఎత్తకుండా రాసినా సార్. తప్పు నాది."

"కొట్టేసి, అదే రాసి సంతకం పెట్టు" అన్నారు. పెట్టాను.

యోగీశ్‌ను మళ్లీ మంచం మీదికి తెచ్చాం. కంబళి దూరంగా కుర్చీలో వేశాను. రెండు గంటలు నేను అక్కణ్నుంచి కదల్లేదు. మూత్రం గంటకు ముప్పై మిల్లీలీటర్లు వచ్చింది. మోకాళ్ల మీది మచ్చలు కరిగిపోయాయి. గోరు ఒత్తితే వెంటనే ఎర్రబడింది. ఆఖరున పాదాలు పట్టి చూశాను.

కరియమ్మ గుమ్మం దాటి లోపలికి రానంటోంది. మందు రాసి గుడ్డ చుట్టిన కుడిచేతిని కొంగులో దాచుకుంది. "నేను ముట్టుకోనమ్మా, నేను ముట్టుకోను" అంటుంటే, ఎడమ చెయ్యి పట్టి లాక్కొచ్చి కొడుకు పాదం మీద పెట్టాను.

ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత నా మొహంలోకి చూసి భయం భయంగా అడిగింది.

"ఇది వాని వేడేనా అమ్మా?"

"వానిదే అక్కా."