తలుపు చెక్క గిటారుకు తగిన గొంతు

చిన్నది గిటారు అందుకుంటే చాలు, తల్లి ఒక చేత్తో కూర కలుపుతూనే రెండో చెయ్యి ఉప్పు డబ్బా మూత మీద పెట్టేది. మొదటి తీగ మోగగానే పక్క వాటాలో తలుపు గడియ ఊడిన చప్పుడు, దాని వెంటే పిన్నిగారి కేక: "కాస్త ఆగవే తల్లీ, స్నానం చేస్తున్నాను!"

ఇందులో వింతేమీ ఎవరికీ కనబడలేదు. గిటారు తలుపు చెక్కతో చేసింది. తలుపు చెక్క తెరవక ఇంకేం చేస్తుంది?

ఆ తలుపు కుట్టు కార్ఖానాది. చిన్నదాని తల్లీ, ఆమెతో పనిచేసే ఆడవాళ్ళందరూ ఏళ్ళ తరబడి పొద్దున్నే భుజంతో తోసుకుని లోపలికి వెళ్ళిన తలుపు. ఓనరు దాన్ని పీకించి ఇనుప షట్టరు పెట్టించాడు. చెత్తలో పడేసిన ఆ చెక్కను చిన్నది మోసుకొచ్చి, కోసి, చిత్రిక పట్టి, తీగలు బిగించింది. మామూలు గిటారు కంటే జానెడు పొడుగు, రెట్టింపు మందం. లావు తీగ మీటితే పొట్టలో ఎవరో నడుస్తున్నట్టుండేది.

ఇప్పుడు ఆ షట్టరుకు తాళం పడింది. ఆడవాళ్ళు అడిగింది ఒక్కటే. వెనక గోడ కిటికీకి మేకులు కొట్టి మూసేశారు, గుడ్డల నుసికి ఊపిరాడట్లేదు, తెరిపించండి అని. ఓనరు కిటికీ తెరవలేదు సరికదా, కార్ఖానానే మూసేశాడు. సాయంత్రం లారీ వచ్చి మిషన్లన్నీ వేరే ఊరికి పట్టుకుపోతుంది. మిషన్లు పోతే పని పోయినట్టే. లారీ వచ్చేలోగా అందరూ లోపల చేరి పని మొదలుపెట్టాలి. నడుస్తున్న మిషన్ని కుట్టేవాళ్ళ చేతుల కింద నుంచి లాగడానికి ఏ కూలీ ఒప్పుకుంటాడు?

వట్టి తీగల చప్పుడుకి డబ్బాలూ గడియలే కదిలేవి. షట్టరు లేవాలంటే యాంప్లిఫయరు కావాలి, దానికి తగ్గ స్పీకరు కావాలి. మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ గిటారును దుప్పట్లో చుట్టుకుని, సభలకు మైకులు అద్దెకిచ్చే సౌండు బాబాయి కొట్టుకి బయలుదేరారు.

"గాలి ఎవడబ్బ సొత్తమ్మా? చరిత్ర మనవైపే ఉంది!" అంది చిన్నది, పిడికిలి ఊపుతూ.

"ఉంటే ఉండనీ. నువ్వు మెట్టు చూసుకుని దిగు."

సౌండు బాబాయి దుప్పటి విప్పి చూశాడు. "దీన్ని వాయిస్తావా, గుమ్మానికి బిగిస్తావా?" అని నవ్వి, గల్లాపెట్టెను తాడుతో మూడు చుట్లు కట్టేశాడు. "ఇప్పుడు కానీ."

మొదట ఒళ్ళో పట్టేంత చిన్న యాంప్లిఫయరు తగిలించాడు. చిన్నది మీటింది. బల్ల మీది పెన్నుల టోపీలు ఊడాయి. బాబాయి చొక్కా గుండీలు రెండు విడిపోయాయి.

"గుండీలకి బ్రహ్మాండంగా సరిపోతుంది," అన్నాడాయన, మళ్ళీ పెట్టుకుంటూ.

చిన్నదాని చూపు అప్పటికే మూలనున్న నల్ల పెట్టె మీద పడింది. నాలుగు స్పీకర్లు, మనిషెత్తు. "అదీ! కోపమంటే అలా ఉండాలి. దోపిడీ గుండె అదిరిపోవాలి!"

అదిరింది. నాదాన్ని చీల్చి, గరగరలాడించి వదిలింది నల్ల పెట్టె. కొట్లోని అల్మరాలన్నీ వేలు దూరేంత సందిచ్చి బిగుసుకుపోయాయి. వీధిలో ఒకాయన గొడుగు సగం విచ్చుకుని ఆగిపోయింది. ఆయన దాన్ని అలాగే పట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఇంకా పెంచు బాబాయ్!"

"పెంచితే ఇంకా బిగుస్తాయే!"

తల్లి చెవుల మీంచి చేతులు తీసింది. "అలా అరిస్తే ఎవరైనా తలుపు తీస్తారటే? నేనైతే లోపల కుర్చీ కూడా అడ్డం పెట్టుకుంటాను."

"మెత్తగా అడిగి అడిగే కదమ్మా, మీరంతా ఇన్నేళ్ళూ నుసి మింగారు!"

"మెత్తగా అడగమనట్లేదు," అంది తల్లి. "తెలిసేట్టు అడగమంటున్నాను."

బాబాయి గిటారు లావు తీగను వేలితో నొక్కి చూశాడు. "మీ అమ్మ చెప్పిందే నిజం. ఈ స్పీకర్లన్నీ మామూలు గిటార్ల కోసం చేసినవి. ఇంత కింది స్వరాన్ని సగం మింగేస్తాయి, మిగతా సగానికి తమ రంగు పూస్తాయి. నీ తలుపు ఏం చెబుతోందో మనకింకా వినబడనే లేదు."

లోపలి గదిలోంచి ఒక బూడిదరంగు పెట్టె దొర్లించుకొచ్చాడు. కీబోర్డు వాయించేవాళ్ళ యాంప్లిఫయరు. పదిహేనంగుళాల స్పీకరు, దాని నెత్తిన సన్న స్వరాల కోసం ఇంకో బుల్లి స్పీకరు. "దీనికి సొంత కవిత్వం లేదు. నువ్వేమంటే అదే అంటుంది."

"ఇదా! దీన్ని చూస్తే విప్లవం వాయిదా వేసుకుని ఇంటికెళ్ళిపోతుంది."

"వాయించవే!" అంది తల్లి.

లావు తీగ మోగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. నాదం నేల మీదుగా పాకి, పాదాల్లోంచి ఎక్కింది. బిగుసుకున్న అల్మరాలు ఒక్కొక్కటే నిదానంగా, నిండా తెరుచుకున్నాయి. గల్లాపెట్టె మీది ముడి తనంతట తాను విడిపోయింది.

"తీసుకుపో తల్లీ," అన్నాడు బాబాయి, జారిపోతున్న తాడు పట్టుకుని. "నా కొట్టు నాకు మిగలనీ!"

వాళ్ళు వెళ్ళేసరికి కార్ఖానా ముందు ఆడవాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. ఎదురుగా ఉన్న క్షౌరశాల నుంచి కరెంటు వైరు లాగారు. వీధి మలుపులో లారీ, దాని వెనకే ఓనరు కారు. చిన్నదాని నాలుక చివర మంచి నినాదం ఒకటి సిద్ధంగా ఉంది. ఆమె దాన్ని మింగేసి, తీగ మీటింది.

తాళం ఊడి మెట్టు మీద పడింది. షట్టరు చాప చుట్టుకున్నట్టు పైకి చుట్టుకుంది. ఆడవాళ్ళు భుజాలు రాసుకుంటూ లోపలికి వెళ్ళారు. చిన్నది ఆపలేదు. వెనక గోడ దగ్గర మేకులు ఒక్కొక్కటే ఊడి, గచ్చు మీద టింగుమంటూ రాలాయి. కిటికీ రెక్కలు రెండూ విచ్చుకున్నాయి.

గాలి వచ్చింది. మిషన్లు మోగడం మొదలైంది.

లారీ వెనక తలుపు కూడా ఊడి వేలాడింది. కూలీలు దాని మీదే కూర్చుని, కాళ్ళు ఊపుతూ పాట వింటున్నారు. ఓనరు పరుగున వచ్చి రెండు చేతులతో షట్టరు కిందికి లాగాడు. నడుము దాకా వచ్చి మళ్ళీ పైకి పోయింది. ఇంకోసారి లాగాడు. ఇంకోసారి పోయింది. చెమటలు కక్కుతూ లోపలికి దూసుకొచ్చాడు.

"ఏమిటిదంతా? ఎవరిచ్చారు మీకు..."

అప్పుడే కిటికీ గాలికి కటింగు బల్ల మీద పరిచిన గుడ్డ గుప్పున లేచింది. తల్లి కత్తెర మీంచి తల ఎత్తలేదు.

"ఆ చివర కాస్త పట్టుకోండి సార్, ఎగిరిపోతోంది."

ఓనరు తిట్టడానికి తెరిచిన నోటితోనే వంగి, ఆ చివర పట్టుకున్నాడు. చల్లగాలి మెడకు తగిలి చెమట ఆరింది. ఆ గాలికి ఆయన నోరు కూడా మెల్లగా మూతపడింది. కత్తెర కరకర సాగింది.

"సార్!" బయట నుంచి లారీ డ్రైవరు కేకేశాడు. "మిషన్లు ఎక్కించమంటారా?"

"కళ్ళు కనబడట్లేదటయ్యా?" అన్నాడు ఓనరు, గుడ్డ వదలకుండా. "పని నడుస్తోంది!"